చెట్టు కింద బండి, షెడ్డులో బండి

విశాఖ దగ్గరి యారాడలో ఒకే ప్రహరీ లోపల రెండు అంబాసిడర్లు ఉన్నాయి. ఒకటి బాదం చెట్టు కింద, ఆరుబయట. రెండోది ఇటుక గోడలు, సిమెంటు శ్లాబు, ఇనప షట్టరు ఉన్న షెడ్డులో. చెట్టు కింది బండికి రంగు వెలిసిపోయింది. టాపు నిండా కాకి రెట్టలు, టైర్లలో గాలి లేదు. షెడ్డులో బండి మీద కప్పిన పట్టా తీస్తే తెల్ల రంగు ఇంకా నిగనిగలాడుతోంది. టింకరింగ్ మేస్త్రి రెండింటి కిందకీ దూరి స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశాడు. చెట్టు కింది బండి ఫ్లోరు ఠంగుమంది. షెడ్డులో బండి ఫ్లోరులోకి స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగిపోయింది.

“పైన ఏటీ నేదు బాబూ, లోపల్నించి తినీసింది,” అన్నాడు మేస్త్రి.

యారాడ వాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. ఉప్పుగాలికి ఇనుము నిలవదని అక్కడ అందరికీ తెలుసు. కానీ ఆ లెక్కన రెండు బండ్లూ పాడవ్వాలి. కప్పు లేనిది నిలిచి, కప్పు ఉన్నది ఎందుకు పోయిందో ఉప్పుగాలి అనే ఒక్క మాటతో తేలదు. నేను వెతికింది ఆ తేడా కోసం.

ముందు తేల్చుకోవలసింది, అసలు ఈ రెండింటినీ పోల్చవచ్చా అన్నది. ఇంటి పెద్దాయన బిస్కెట్ డబ్బాలో దాచిన కాగితాలు తెచ్చి మంచం మీద గుమ్మరించారు. రెండు ఆర్సీ పుస్తకాలు, ఇన్సూరెన్స్ రసీదులు, టింకరింగ్ బిల్లులు. బండ్లు రెండూ ఒకే మోడల్. షెడ్డులోదే కొత్తది. ఇన్సూరెన్స్ రసీదులు రెండింటికీ 2014 వేసవిలో ఆగిపోయాయి. ఉత్తరపారాలో అంబాసిడర్ల తయారీ నిలిచిపోయింది కూడా ఆ ఏడాది మే నెలలోనే. ఈ రెంటికీ ముడి ఉందని చెప్పే కాగితం ఒక్కటీ లేదు కాబట్టి ఆ దారి అక్కడే వదిలేశాను. బండ్లను ఎందుకు ఆపేశారో రాసి లేదు. నేను అడగలేదు. ఒకే రకం రేకు, ఒకే పెరడు, ఒకే విరామం. తేడా కప్పు ఒక్కటే. పోల్చవచ్చు.

ఇక అనుమానితులు. మొదటి పేరు హుద్‌హుద్. విశాఖలో 2014 తర్వాత పాడైన ప్రతి వస్తువుకూ ముందు ఆ పేరే చెబుతారు. ఆ తుఫాను అక్టోబరు 12న తీరం దాటింది. రసీదులు ఆగిన కొన్ని నెలలకే అన్నమాట. తేదీలు చక్కగా కుదిరాయి. అంత చక్కగా కుదిరిన తేదీలంటేనే నాకు అనుమానం. డబ్బాలో ఒక ఫొటో ఉంది. బాదం చెట్టు కొమ్మలు విరిగి బండి బానెట్ మీద పడి ఉన్నాయి. అంటే సముద్రపు నీటితో కలిసి వచ్చిన ఆ గాలి దెబ్బ ముందు తిన్నది బయటి బండి. తుఫానే కారణమైతే ముందు పోవాల్సిందీ అదే. అది నిలిచింది. హుద్‌హుద్‌ను జాబితాలోంచి తీసేశాను.

రెండో అనుమానం పొగ. యారాడకు మూడు వైపులా కొండలు, నాలుగో వైపు బంగాళాఖాతం. డాల్ఫిన్ నోస్ కొండకు అవతలి పక్కన రేవు, 1957 నాటి రిఫైనరీ. ఇటు నైరుతి వైపు ఉక్కు కర్మాగారం. బొగ్గు దుమ్ము, గంధకపు పొగ ఇనుముకు హాని చేస్తాయన్నది నిజమే. 1930లలో ఒక బ్రిటిష్ రసాయన శాస్త్రజ్ఞుడు దీన్ని ప్రయోగశాలలో కొలిచి చూపించాడు. శుభ్రమైన గాలిలో, తేమ బాగా ఉన్నా, ఇనుము దాదాపు మారలేదు. అదే గాలిలో పదివేల పాళ్లకు ఒక పాలు గంధక వాయువు కలిపి, తేమను 60 శాతం దాటిస్తే తుప్పు ఒక్కసారిగా పెరిగింది.

పొగను నిందితుడిగా నిలబెట్టడానికి ఈ ప్రయోగం చాలదు. పొగ లేని చోట ఏం జరుగుతుందో కూడా చూడాలి. అందుకు తగిన చోటు తమిళనాడులోని పాంబన్. 1914 ఫిబ్రవరిలో తెరిచిన అక్కడి పాత రైలు వంతెన చుట్టూ ఫ్యాక్టరీలు లేవు, రిఫైనరీ లేదు. అయినా ఉక్కు కట్టడాలకు ప్రపంచంలోనే అతి కష్టమైన చోట్లలో ఒకటిగా దానికి పేరు. అక్కడికి దగ్గర్లోని మండపంలో, కారైకుడిలోని కేంద్ర ప్రయోగశాల వాళ్లు లోహపు రేకులను ఆరుబయట నిలబెట్టి ఏళ్ల తరబడి తూకం వేస్తూ వచ్చారు. పొగ లేకుండానే సముద్రం ఆ పని చేయగలదు. యారాడలో పొగ పాత్ర అసలే లేదని నేననను. కానీ షెడ్డు లోపలికీ బయటికీ మధ్య ఉన్న తేడాను అది వివరించదు. కొండ దాటి వచ్చే పొగ చెట్టును వదిలేసి షట్టరు కింద నుంచి దూరదు కదా.

మూడోది పెద్దాయన వాదన. “పాత ఇనుము గట్టిది బాబూ. చెట్టు కిందిది పాత బండి,” అన్నారు. ఈ మాట ఎత్తగానే ఎవరైనా ఢిల్లీ స్తంభం గురించి చెబుతారు, ఆయనా చెప్పారు. పదహారు వందల ఏళ్లుగా నిలిచిన ఆ స్తంభపు ఇనుములో భాస్వరం ఎక్కువ. ఉపరితలం మీద రక్షణ పొర ఏర్పడటానికి అది తోడ్పడింది. కానీ 1953లో ఒక లోహ పరిశోధకుడు వేరే దారిలో వెళ్లాడు. మామూలు ఉక్కు, జింకు ముక్కలను ఢిల్లీ గాలిలో ఉంచి చూశాడు. అవి కూడా చాలా నెమ్మదిగా తుప్పు పట్టాయి. స్తంభం నిలవడంలో ఇనుము గొప్పతనం కొంత, ఢిల్లీ పొడి గాలి కొంత. ఇక మన రెండు బండ్ల విషయానికొస్తే, వాటి తయారీ మధ్య తేడా రెండేళ్లే. ఆ రెండేళ్లలో ఉక్కు జాతి మారిపోయిందనడానికి ఆధారం లేదు. ఈ వాదనా పోయింది.

ఇక్కడిదాకా వచ్చాక నాకు ఒక కప్పు కావలసి వచ్చింది. మూసి దాచిన బండి ఏమైందో తేదీలతో సహా రాసిపెట్టిన చోటు. అలాంటివి రెండు దొరికాయి. ఒకటి హైదరాబాద్‌లో, ఒకటి అమెరికాలో.

హైదరాబాద్ బండి మనవాళ్లందరికీ తెలిసినదే. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న పసుపు పచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్. కొందరు 1911 అంటారు, కొందరు 1912 అంటారు. ఇందులో పెద్ద చిక్కేమీ లేదు. ఆర్డరు ఇచ్చింది ఆరో నిజాం. ఆయన 1911 ఆగస్టు 29న చనిపోయారు. బండి పూర్తయి చేరింది ఆ తర్వాత, ఏడో నిజాం కాలంలో. రెండు సంవత్సరాలూ ఒకే బండివి. అది తిరిగింది 356 మైళ్లేనని చెబుతారు. మిగతా కాలమంతా షెడ్డులో గడిచింది. ఒక శతాబ్దం తర్వాత ఇప్పుడు అద్దంలా ఉంది.

మూసి పెడితే బండి నిలుస్తుందనడానికి దీన్ని సాక్ష్యంగా తేవాలని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ ఆ బండిని ప్రదర్శనకు పెట్టే ముందు బాగు చేశారు. బాగు చేసిన రేకు, బాగు చేయకముందు ఎలా ఉండేదో చెప్పదు. తిరిగిన మైళ్లు తక్కువైనంత మాత్రాన తుప్పు తక్కువని కాదు. పైగా ఆ కాలపు కోచ్‌బిల్డర్లు మందమైన ఉక్కు ఛాసిస్ మీద చెక్క చట్రం నిలిపి, దాని మీద రేకు తొడిగేవారు. అంబాసిడర్‌కు అలాంటి ఛాసిస్ లేదు. పల్చటి రేకును మడిచి, అతికి, డొల్ల పెట్టెల్లా చేసినవే దాని ఎముకలు. ఈ రెండు కారణాల వల్ల సిల్వర్ ఘోస్ట్ సాక్ష్యం చెల్లదు. దాని నుంచి ఒక్క విషయమే ఉంచుకున్నాను. అది ఉన్నది హైదరాబాద్‌లో. ఏప్రిల్ మధ్యాహ్నాల్లో అక్కడ గాలిలో తేమ 30 శాతం దాకా, ఒక్కోసారి ఇంకా కిందికి పడిపోతుంది. ఈ అంకె తర్వాత పనికొచ్చింది.

అమెరికా బండిని ఎవరూ బాగు చేయలేకపోయారు. అందుకే అది మంచి సాక్షి. ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సా నగరంలో 1957 జూన్ 15న ఒక కొత్త ప్లిమత్ బెల్వెడీర్ కారును కోర్టు ఆవరణలో భూమిలోకి దించారు. ఆ ఏడాది ఓక్లహోమా రాష్ట్రంగా ఏర్పడి యాభై ఏళ్లు. మరో యాభై ఏళ్లకు తియ్యాలని నిర్ణయం. కాంక్రీటుతో గది కట్టారు. అణుబాంబు పడ్డా తట్టుకుంటుందని అప్పట్లో చెప్పుకున్నారు. బండికి తుప్పు పట్టకుండా గ్రీజులాంటి పూత పూశారు, చుట్టూ కవరు చుట్టారు, పైన మూత వేశారు. 2007 నాటికి పెట్రోలు దొరుకుతుందో లేదోనని పెట్రోలు, ఇంజన్ ఆయిలు కూడా లోపల పెట్టారు. 2007లో టల్సా జనాభా ఎంత ఉంటుందో సరిగ్గా ఊహించిన వారికి బండి ఇస్తామన్నారు.

2007 జూన్‌లో మూత తీశారు. గది నిండా కొన్ని అడుగుల నీళ్లు. కవరు లోపల బురద పట్టిన గోధుమ రంగు డొక్కు. స్ప్రింగులు కూర్చుండిపోయాయి. సీట్లు కరిగిపోయాయి. పోటీ గెలిచిన వ్యక్తి 1979లోనే చనిపోవడంతో బండి ఆయన వారసులకు వెళ్లింది. తుప్పు తీసే కంపెనీ ఒకటి దాన్ని తీసుకుని ఏళ్ల తరబడి శుభ్రం చేసింది. రేకు నిలబడే స్థితిలో లేదు. చివరికి 2017లో ఇలినాయిలోని ఒక మ్యూజియానికి చేర్చారు.

ఆ గదిలోంచే బయటపడిన మరో వస్తువు ఉంది. నాకు బండి కంటే అదే ముఖ్యం. బండి పక్కన ఒక ఉక్కు డబ్బాలో ఆ కాలపు కాగితాలు, జెండా వగైరా పెట్టి వెల్డింగ్ చేసి మూశారు. అదే గదిలో, అదే నీటిలో, అవే యాభై ఏళ్లు అది కూడా గడిపింది. కోసి చూస్తే లోపల అన్నీ పొడిగా ఉన్నాయి. ఒకే గదిలో ఒకటి పొడి, ఒకటి బురద. ఈ వైరుధ్యానికి అర్థం ఒకటే. వెల్డింగ్ చేసిన ఉక్కు నీటిని ఆపింది. కాంక్రీటు ఆపలేదు. కాంక్రీటు గట్టిది, అంతే. గట్టితనం వేరు, నీరు చొరనివ్వకపోవడం వేరు. బాంబును ఆపే గోడ చెమ్మను ఆపాలని లేదు.

ఇందులోంచి యారాడకు ఎంత తెచ్చుకోవచ్చో జాగ్రత్తగా చూడాలి. టల్సాకు సముద్రం లేదు. అక్కడ బండిని చంపింది ఊట నీరు, ఉప్పుగాలి కాదు. ఆ కేసు రుజువు చేసేది ఒక్క సంగతే. మూసిన గది అంటే పొడి గది కాదు. టల్సా వాళ్లు ఆ గది తెరవకముందే మరో ప్రయత్నం చేశారు. 1998లో ఇంకో ప్లిమత్ కారును, ప్రౌలర్ మోడల్, 2048లో తెరవాలని మూసి పెట్టారు. ఈసారి నేల మీద.

మళ్లీ యారాడ షెడ్డుకు వచ్చాను. మూసిన గది పొడిగా ఉండాలని లేదు, సరే. ఈ గది పొడిగా ఉందా? దీనికి ఖర్చు లేని పరీక్ష ఉంది. మూరెడు పాలిథిన్ షీటు తీసుకుని, నేలకు నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అతికించాలి. ఒక రాత్రి వదిలేయాలి. పొద్దున్న షీటు పైన తడి ఉంటే అది గాలిలోంచి వచ్చిన తేమ. అడుగున తడి ఉంటే అది నేలలోంచి వచ్చింది. షెడ్డులో బండి ముందు చక్రాల మధ్య అతికించాను. తెల్లారి చూస్తే అడుగున నీటి బొట్లు, సిమెంటు మీద నల్లటి మచ్చ. నేల వేసేటప్పుడు కింద ప్లాస్టిక్ పొర ఏమీ వేయలేదని పెద్దాయనే చెప్పారు. ఇసక నేల, కింద నీరు దగ్గర. ఆ తేమ రోజూ పైకి వస్తోంది. షట్టరు మూసి ఉండటంతో పోయే దారి తక్కువ. దాని పైన సరిగ్గా ఉన్నది బండి ఫ్లోరు. మేస్త్రి స్క్రూడ్రైవర్ దిగినది ఎక్కడో, ఎందుకో కొంత తేలింది.

కొంతే. బాదం చెట్టు కింది నేల నుంచి కూడా తేమ వస్తుంది. అక్కడ గాలి ఆరబెడుతుంది కాబట్టి సరిపోయిందనుకుందాం. అయినా యారాడ గాలి ఎంత పొడి? విశాఖ తీరంలో ఎండాకాలం మధ్యాహ్నం కూడా, సముద్రపు గాలి పుణ్యమా అని, తేమ సాధారణంగా 60 శాతానికి పైనే ఉంటుంది. వానాకాలంలో ఇంకా ఎక్కువ. ఆ బ్రిటిష్ ప్రయోగంలో తుప్పు ఊపందుకున్న అంకె గుర్తుంది కదా. యారాడలో ఆరుబయట కూడా ఏడాదిలో ఎక్కువ భాగం ఆ గీతకు అవతలే. మరి చెట్టు కింది బండి ఎలా తప్పించుకుంది?

ఇక్కడ ఉప్పు సంగతి విడిగా చూడాలి. సముద్రపు ఉప్పు అంటే వంట ఉప్పు ఒక్కటే కాదు. సోడియం క్లోరైడ్ గాలిలో తేమ 75 శాతం దాటితే చెమ్మను లాక్కుని ద్రవంగా మారుతుంది. దానితో పాటు ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కు 33 శాతం చాలు. వానాకాలం వంటింట్లో కల్లుప్పు జాడీ నీళ్లూరడం ఈ మెగ్నీషియం పనే. ఇప్పుడు హైదరాబాద్ అంకెను పక్కన పెట్టి చూడండి. ఏప్రిల్ మధ్యాహ్నం అక్కడి గాలి 30 శాతానికి దిగుతుంది. ఉప్పు పడిన రేకు కూడా రోజులో కొన్ని గంటలు పూర్తిగా ఎండిపోతుంది. యారాడలో 33కి దిగే రోజు దాదాపు రాదు. అంటే యారాడలో రేకు మీద ఉప్పు పడిందంటే, ఆ ఉప్పును తీసే దాకా రేకు తడిగానే ఉంటుంది. కంటికి పొడిగా కనిపించినా సరే.

తీసేదెవరు? వాన.

చిక్కుముడిలో మొదటి పోగు కదిలింది ఇక్కడే. చెట్టు కింది బండిని ఏటా నైరుతి వానలూ, తర్వాత అక్టోబరు, నవంబరు వానలూ కడుగుతున్నాయి. ఉప్పు పడుతుంది, వాన తీసేస్తుంది, మళ్లీ పడుతుంది. షెడ్డులో బండి మీద పడిన ఉప్పు పడినట్టే ఉంది. తీసేవాళ్లు లేరు. వాన నుంచి కాపాడాలని వేసిన కప్పు, యారాడలో ఆ బండికి జరిగే ఒకే ఒక్క ఉపకారాన్ని ఆపేసింది.

ఇది నా ఊహగా మిగలకూడదని పాత పరీక్షల దారి పట్టాను. తీరంలో లోహపు రేకులను పరీక్షించేటప్పుడు వాటిని ఏటవాలుగా బిగిస్తారు. ఒకే రేకు, రెండు ముఖాలు. ఒకటి ఆకాశం వైపు, ఒకటి నేల వైపు. వానా ఎండా తగిలే పైముఖమే ముందు పోతుందని ఎవరైనా అనుకుంటారు. సముద్ర తీరాల్లో నేల వైపు ముఖం ఎక్కువ తినేయబడటం పరీక్షకులు పదేపదే చూసిన సంగతి. దాని మీద ఉప్పు నిలుస్తుంది, వాన చేరదు, ఎండ ఆరబెట్టదు. తీరంలో ఇళ్ల చూరు కింద చువ్వలు, పైన చువ్వల కంటే ముందు పోవడమూ ఇందుకే. షెడ్డులో బండి నిలువెల్లా నేల వైపు ముఖమే.

ఈ వాదనకు ఎదురు నిలిచే సాక్షి ఒకటి విశాఖలోనే ఉంది. దాన్ని దాచడం న్యాయం కాదు. ఆర్కే బీచ్‌లో ఇసక మీద నిలబెట్టిన జలాంతర్గామి కుర్సురా. 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరి 27న విరమించింది. 2002 ఆగస్టులో మ్యూజియంగా తెరిచారు. ముప్పై ఒక్క ఏళ్లు నీళ్లలో తిరిగిన ఆ ఓడకు, ఒడ్డున నిలబెట్టిన ఐదారేళ్లకే, 2007 చివర్లో, కొత్త ఉక్కు రేకు అతకవలసి వచ్చింది. దానికి కప్పు లేదు. వాన పూర్తిగా పడుతుంది. వాన అంత మంచిదైతే కుర్సురా ఎందుకు తుప్పు పట్టింది?

దూరం వల్ల. అలలు విరిగే చోట ఎగిరే ఉప్పు తుంపర్లలో బరువైనవి దగ్గర్లోనే పడిపోతాయి. మొదటి కొన్ని వందల మీటర్లలో ఉప్పు పాలు వేగంగా తగ్గుతుంది. కుర్సురా ఉన్నది అలల అంచున. వాన కడిగే వేగం కంటే ఉప్పు పడే వేగం ఎక్కువ. జనవరి నుంచి మే దాకా కడిగే వానలు కూడా తక్కువే. యారాడ పెరడు అలలకు అంత దగ్గర కాదు, మధ్యలో ఇళ్లు, సరుగుడు చెట్లు ఉన్నాయి. అక్కడ పడే ఉప్పును వాన తీసేయగలదు. కుర్సురా నా వాదనను కొట్టేయలేదు, దానికి ఒక హద్దు గీసింది. బీచ్ రోడ్డు మీద ఇల్లున్నవాళ్లు చెట్టు కింది బండి కథ విని షెడ్డు పడగొట్టకండి.

ఫ్లోరు మీద ఒక ప్రశ్న మిగిలింది. తుప్పు ఫ్లోరంతా సమంగా లేదు. రబ్బరు మ్యాటు కింద, ఫ్లోరు రేకులు ఒకదాని మీద ఒకటి ఎక్కిన అతుకుల్లో, మట్టి గడ్డకట్టిన మూలల్లో చిల్లులు పడ్డాయి. పక్కనే గాలి తగిలే చోట రేకు బాగానే ఉంది. 1926లో కేంబ్రిడ్జ్‌లో ఒక శాస్త్రవేత్త శుభ్రమైన ఉక్కు పలక మీద ఒకే ఒక్క ఉప్పు నీటి చుక్క వేసి చూశాడు. చుక్క అంచున గాలి బాగా తగులుతుంది. నడుమ తగలదు. ఇనుము కరిగింది నడుమ. అంచు నిలిచింది. ఆక్సిజన్ తక్కువ ఉన్న చోటు, ఎక్కువ ఉన్న చోటుకు బలి అవుతుంది. మ్యాటు కింద, అతుకు లోపల, మట్టి వెనక జరిగింది అదే. మేస్త్రి అన్న “లోపల్నించి” అనే మాట అక్షరాలా సరైనది.

తర్వాత సైలెన్సరు. చెట్టు కింది బండి సైలెన్సరు పైన తుప్పు రంగులో ఉన్నా కొడితే గట్టిగా మోగింది. షెడ్డులో బండి సైలెన్సరు కింది భాగం చేతికి ఊడి వచ్చింది. దీనికి నేల తేమ చాలదు, ఎందుకంటే రంధ్రం లోపలి నుంచి బయటికి పడింది. పెద్దాయనను అడిగాను.

“బాబాయిగారూ, షెడ్డులో బండి స్టార్ట్ చేసేవారా?”

“వారం వారం చేసేవాణ్ణి బాబూ. ఐదు నిమిషాలు. ఇంజను పట్టేయకుండా.”

“చెట్టు కిందిది?”

“దానికి బ్యాటరీ ఎక్కడిది?”

లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. బండి దూరం వెళ్తే సైలెన్సరు కాగి ఆ నీరు ఆవిరై పోతుంది. ఐదు నిమిషాల్లో సైలెన్సరు చివరి దాకా వేడెక్కదు. నీరు అడుగున నిలుస్తుంది, ఇంజన్ ఆయిల్లోనూ కొంత కలుస్తుంది. వారం వారం కొంచెం. బ్యాటరీ లేని బండికి ఆ బెడద లేదు. ఇంజను పట్టేయకుండా ఆయన తీసుకున్న జాగ్రత్త ఇంజను వరకు పని చేసిందో లేదో నేను విప్పి చూడలేదు. సైలెన్సరు మాత్రం ఆ జాగ్రత్త వల్లే పోయింది.

షెడ్డులో బండి సీట్ల మీద చిన్న తెల్ల పొట్లాలు కనిపించాయి. సిలికా జెల్. చెప్పుల పెట్టెల్లో, మందు సీసాల్లో వచ్చేవి. ఎవరో శ్రద్ధగా పోగు చేసి పెట్టారు. ఇవి ఎందుకు పని చేయలేదన్నది లెక్కతో తేలే ప్రశ్న. షెడ్డు పొడవు 6 మీటర్లు, వెడల్పు 3, ఎత్తు 2.7. దాదాపు 49 ఘనపు మీటర్ల గాలి. 30 డిగ్రీల వేడిలో ఘనపు మీటరు గాలి గరిష్ఠంగా 30 గ్రాముల నీటి ఆవిరి పట్టుకుంటుంది. 80 శాతం తేమ ఉన్న ఆ గాలిని 50కి దించాలంటే ఒక్కసారికి 440 గ్రాముల నీరు తీయాలి. సిలికా జెల్ తన బరువులో నాలుగో వంతు నీరు పట్టుకుంటుందనుకుంటే పావు తక్కువ రెండు కిలోలు కావాలి. అదీ షెడ్డులోకి కొత్త గాలి రాకపోతే. షట్టరు కింద రెండు వేళ్ల సందు ఉంది. గాలి రోజుకు ఎన్నిసార్లు మారుతుందో అన్నిసార్లు ఆ రెండు కిలోలు మార్చాలి. ఐదు గ్రాముల పొట్లాల వల్ల కాలేదంటే వాటి తప్పు లేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా నౌకాదళం తన ఓడలను దాచినప్పుడు, ముందు ప్రతి సందూ మూసి, తర్వాత తేమ తీసే యంత్రాలను ఆపకుండా నడిపింది. రెండింటిలో ఏ ఒక్కటి చేసినా లాభం లేదు.

పట్టా గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అది ప్లాస్టిక్‌ది. నేల తేమను బండి చుట్టూ పట్టి ఉంచింది. గుడ్డదై ఉంటే కాస్త నయం. పైన రంగు మెరవడానికి కారణం కూడా ఆ పట్టానే. చూసేవాళ్లను ఇన్నాళ్లూ మోసం చేసింది ఆ మెరుపే.

ఇక ఎడమ పక్క. షెడ్డులో బండికి ఎడమ వైపు డోర్ల అడుగు భాగం, కుడి వైపు కంటే బాగా పోయింది. నేల ఒకటే, తేమ ఒకటే. నేను ముందు నేల వాలు అనుకున్నాను. గోళీ వదిలితే కుడికి దొర్లింది. వాలు కుడికి ఉంటే నీరు కుడికి చేరాలి, తుప్పు కుడికి రావాలి. ఆ దారి మూసుకుపోయింది. తర్వాత గోడ చూశాను. ఎడమ గోడలో నడుము ఎత్తున సిమెంటు జాలీ. అది సముద్రం వైపు. కుడి గోడకు జాలీ లేదు. జాలీ చిల్లులను తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను నాలిక్కి ఆనించి చూశాను. ఉప్పగా ఉంది. బండి కుడి వైపు గోడను అలాగే చూస్తే రుచి లేదు. గాలి ఆడాలని ఒకే గోడకు జాలీ పెడితే గాలి లోపలికి వస్తుంది, దాటిపోదు. తెచ్చిన ఉప్పు దించి ఆగిపోతుంది. ఆ జాలీ ఎందుకు సముద్రం వైపే పెట్టారో అడగడానికి కట్టిన మేస్త్రి ఇప్పుడు లేడు.

“అయితే బండి బయట పెట్టీమంటావా?” అన్నారు పెద్దాయన.

అలా అనలేను. చెట్టు కింది బండి రంగు పోయింది, కిటికీ రబ్బర్లు పగిలాయి, ఎలుకలు వైర్లు కొరికాయి. నేను చెప్పింది ఇది. షెడ్డులోనే ఉండనివ్వండి. నేల మీద మందపాటి ప్లాస్టిక్ పరచండి. సముద్రం వైపు జాలీ మూసి, కొండ వైపు గోడలో కింద ఒకటి, పైన ఒకటి తెరవండి. వాన చేసే పని మీరు చేయండి, నెలకోసారి మంచినీళ్లతో బండి అడుగు భాగం కడిగి, ఎండలో పూర్తిగా ఆరాక లోపల పెట్టండి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే అవి వద్దు. ఐదు నిమిషాల స్టార్టింగులు మానేయండి, నడిపితే అరగంట నడపండి. డొల్ల భాగాల్లోకి మైనం కలిసిన నూనె కొట్టించండి.

చివరి మాట వినగానే మేస్త్రి మళ్లీ బండి కిందకి దూరాడు. డోర్ల అడుగునా, రన్నింగ్ బోర్డుల కిందా నీరు కారిపోవడానికి కంపెనీ వదిలిన చిన్న రంధ్రాలు ఉంటాయి. నూనె కొట్టేది వాటిలోంచే. చెట్టు కింది బండికి అవి తెరిచి ఉన్నాయి. షెడ్డులో బండికి వేలితో తడిమినా దొరకలేదు. స్క్రూడ్రైవర్‌తో గీస్తే నల్లటి అండర్ కోటింగ్ పెచ్చులుగా ఊడింది, వెనక నుంచి ఒక్కొక్క రంధ్రం బయటపడింది. ఒకదానిలోంచి తుప్పు నీరు బొట్లుగా కారింది. బిస్కెట్ డబ్బాలో ఆ కోటింగ్ బిల్లు ఉంది. బండి ఆపేయడానికి కొన్ని నెలల ముందుది. తుప్పు రాకుండా అని దాని మీద రాసి ఉంది. రంధ్రాలు ఎవరు మూశారో, చూసి మూశారో చూడక మూశారో ఆ బిల్లు చెప్పదు.